పది, ఇరవై, ముప్పది: ఒక సూత్రాన్ని తూచి చూద్దాం

పట్టణాలలో చెట్ల పెంపకాన్ని గురించి ఒక సూత్రం ప్రసిద్ధమైనది. ఊరి చెట్లలో ఏ ఒక్క జాతీ నూటికి 10కి మించరాదు; ఏ ఒక్క ప్రజాతీ 20కి మించరాదు; ఏ ఒక్క కుటుంబమూ 30కి మించరాదు. అమెరికా జాతీయ వృక్షోద్యానంలో పనిచేసిన ఫ్రాంక్ సంటమూర్ 1990లో దీనిని ప్రతిపాదించారు. అనేక నగరాలవారు దీనిని కొలబద్దగా స్వీకరించారు. ఈ కొలబద్ద దేనిని కొలవగలదు? దేనిని కొలవలేదు?

సూత్రం ఊరక పుట్టలేదు. 1930లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎల్మ్ చెట్లకు ఒక తెగులు కనిపించినది. దానికి కారణం శిలీంధ్రం. దానిని మోసుకొనిపోయేవి బెరడు పురుగులు. వీధుల పొడవునా ఆ చెట్లే ఉన్నందువలన తెగులుకు అడ్డు లేకపోయినది. ఎల్మ్ పోయిన చోట పలు ఊళ్ళవారు ఆష్ చెట్లను విరివిగా నాటారు. 2002లో డెట్రాయిట్ ప్రాంతాన ఆష్ బెరడు క్రింద తొలిచే పెంకుపురుగు బయటపడినది. ఆ చెట్లూ కోట్లలో నశించినవి. ఒకే తప్పును రెండుసార్లు చేసినందుకు చెల్లించిన మూల్యమిది.

ఇక మన వీధికి వద్దాం. నూరు చెట్లున్నవనుకొందాం. వాటిలో తురాయి, పెల్టోఫోరం, కానుగ, చింత, నిద్రగన్నేరు పదేసి ఉన్నవి. చూపునకు ఎంతో వైవిధ్యం! జాతి పరీక్షలోనూ ప్రజాతి పరీక్షలోనూ వీధి నెగ్గినది. కాని ఈ అయిదూ చిక్కుడు కుటుంబానికి చెందినవే. మొత్తం 50, మితి 30. కంటికి కనబడని ఈ లోపాన్ని పట్టి చూపడమే సూత్రంలోని గొప్పతనం.

అయినా దీనినే ప్రణాళిక అనుకొంటే పొరపాటు. మొదటిది, పురుగులు మన వర్గీకరణ గ్రంథాలు చదివి రావు. 1996లో న్యూయార్కులో కనిపించిన ఆసియా పెంకుపురుగు మేపుల్, ఎల్మ్, విల్లో, బర్చ్ చెట్లను తొలుస్తుంది. ఇవి నాలుగు వేరువేరు కుటుంబాలు. రెండవది, సూత్రం తలలు లెక్కిస్తుందే గాని వయస్సు అడగదు. నిరుడు నాటిన మొక్కా నూరేళ్ళ మర్రీ దానికి ఒకటే. అన్నీ ఒకే ఏట నాటితే అన్నీ ఒకే కాలంలో ముసలివవుతవి. మూడవది, చెట్టు ఆ చోటికి తగినదా అని అడగదు. కోనోకార్పస్ పర్యావరణానికీ ఆరోగ్యానికీ హానికరమని గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడం నిషేధించినది. నూటికి పదిలోపు నాటితే సూత్రానికి మాత్రం అభ్యంతరం లేదు!

అట్లని సూత్రాన్ని పారవేయనక్కరలేదు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివరలనుండి ఎండిపోవడం మనం చూశాం. తెగుళ్ళకు లొంగదని నమ్మిన వేపకే ఆ గతి పట్టినప్పుడు, ఒక్క చెట్టునే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. సూత్రం జ్వరమానిని వంటిది. జ్వరమున్నదని చెబుతుంది, మందు చెప్పదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠశాల ముందున్న వీధిలోని చెట్లను పిల్లలచేత లెక్కింపించండి. పేరు, కుటుంబం, మానుచుట్టుకొలత, ఆరోగ్యం అని నాలుగు గడులు గీయించండి. మొదటి రెండు గడులు సంటమూర్ ప్రశ్నకు జవాబిస్తవి. ఆయన అడగనివి మిగిలిన రెండింటిలో తేలుతవి. వచ్చే వానకాలంలో ఏ మొక్క నాటాలో అప్పుడు పిల్లలే చెప్పగలరు.