రంగుల పటం నుంచి రాడ్ల దాకా

కంప్యూటర్ తెర మీద ఒక గోడ బొమ్మ. ఇది ఉత్త గోడ కాదు. కింద కార్లు నిలిపే జాగా కోసం మధ్య పిల్లర్లు తీసేస్తే, పై అంతస్తుల బరువంతా నెత్తినెత్తుకుని రెండు పక్కల పిల్లర్ల మీదికి దింపే లోతైన బీమ్. దాన్ని షెల్ ఎలిమెంట్లుగా ముక్కలు చేసి లెక్క కడితే ఫలితం ఎరుపు, పసుపు, నీలం మచ్చలుగా పరుచుకుంటుంది. సైటులో రాడ్లు వంచే మనిషికి ఈ రంగులతో పని లేదు. ఎన్ని రాడ్లు, ఎంత లావు, ఎక్కడి దాకా, రింగులు ఎంతెంత దూరాన, అతనికి కావలసింది ఇదే. ఆ పటానికీ ఈ జాబితాకూ మధ్య డిజైనర్ చేసే పని ఎవరికీ కనపడదు. కట్టడాల లెక్కల్లో ఇంత అందమైన చేతిపని మరొకటి లేదని నా నమ్మకం.

చేయి తిరగనివాళ్లు ముందుగా బాగా ఎర్రగా ఉన్న చోటుకు పోతారు. పిల్లర్ అంచు దగ్గర, గోడ లోపలికి మలుపు తిరిగే మూలలో ఒత్తిడి ఎక్కువ. ఆ ముక్కల వలను, అంటే మెష్‌ను, సగానికి సన్నం చేస్తే అక్కడి సంఖ్య పెరుగుతుంది, ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరుగుతుంది. పదునైన మూలలో ఒత్తిడికి స్థితిస్థాపకతా సిద్ధాంతంలో అంతు లేదు మరి. ఆ శిఖరానికి రాడ్లు లెక్కగట్టడమంటే మెష్‌కు రాడ్లు వేయడమే. పని తెలిసినవాడు బీమ్‌ను నిలువునా ఒకచోట కోసినట్టు ఊహించి, ఆ కోత మీది నోడ్లలో, అంటే ఎలిమెంట్లు కలిసే బిందువుల్లో, ఒక పక్క ఎలిమెంట్లు ఇచ్చే బలాలన్నీ కూడతాడు. అడ్డంగా వచ్చినవాటి మొత్తం అక్షబలం, నిలువుగా వచ్చినవాటి మొత్తం షియర్. అడ్డబలాల్ని ఒక్కొక్కటిగా కోత కేంద్రం నుంచి వాటి ఎత్తుతో గుణించి కూడితే మూమెంట్. ఒత్తిళ్లు మెష్‌ను బట్టి ఊగుతాయి గానీ, ఈ నోడ్ బలాలు ముతక మెష్‌లోనూ పైనున్న బరువుతో సరితూగుతాయి. ఈ ఒక్క గుణం మీదే పనంతా నిలబడుతుంది.

స్లాబుతో కలిసిన మామూలు బీమ్‌లో మరో మెలిక ఉంది. 8 మీటర్ల బీమ్, రెండు చివర్లా ఊరికే ఆనించినది, మీటరుకు 36 కిలోన్యూటన్ల బరువు అనుకుందాం. నిలువు భాగాన్ని మాత్రమే కోసి, దాని కేంద్రం చుట్టూ కూడితే మధ్యలో మూమెంట్ 113 వచ్చిందనుకోండి. అది చూసి రాడ్లు రాసేస్తే ఇల్లు మునిగినట్టే. పక్కన స్లాబు 500 కిలోన్యూటన్ల నొక్కుడు మోస్తోంది. రెండింటి కేంద్రాల మధ్య దూరం 0.35 మీటర్లు, ఆ జంట బలాల వాటా 175. స్లాబు సొంత వంపు స్వల్పం కనుక వదిలేస్తే మొత్తం 288. బరువును పొడవు వర్గంతో గుణించి 8తో భాగించినా 288 కిలోన్యూటన్ మీటర్లే. కాగితం మూలన రాసిన ఆ చిన్న లెక్క తెర మీది సంఖ్యతో కలిసినప్పుడు కలిగే తృప్తి ఇంకెందులోనూ దొరకదు.

ఆ లెక్క విలువ నార్వేవాళ్లకు బాగా తెలుసు. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గరి గాండ్స్‌ఫ్యోర్డ్‌లో స్లైప్నర్ ఏ అనే చమురు, గ్యాస్ వేదిక కాంక్రీటు పునాది పరీక్షలో ఉండగానే మునిగిపోయింది. నేలను తాకిన అదురు రిక్టర్ కొలమానంలో 3 దాకా నమోదైంది. పునాదిలోని అరల గోడలు మూడేసి కలిసే చోట మెష్ ముతకగా ఉండటంతో షియర్ ఒత్తిళ్లను 47 శాతం తక్కువగా అంచనా వేశారు. దానికి తోడు అక్కడి టీ తలల రాడ్లకు పొడవు చాలలేదు. తరవాత జాగ్రత్తగా చేసిన విశ్లేషణ 62 మీటర్ల నీటి లోతులో గోడ విరుగుతుందని చెప్పింది. అది నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. అయితే నన్ను కట్టిపడేసేది ఆ తరవాతి కథ. మారు పునాదిని అక్కడి ఇంజినీర్లు స్లైడ్ రూల్ కాలపు చేతి లెక్కలతో డిజైన్ చేశారు. కొత్త కంప్యూటర్ ఫలితాలు చేతికొచ్చేసరికి డిజైన్ అంతా పూర్తయి, కట్టడం కూడా చాలావరకు లేచింది. 1993 ఏప్రిల్ 29న డెక్ దాని మీద కూర్చుంది. కంప్యూటర్‌ను తోసిపుచ్చిన పని కాదది. బలం ఏ దారిన నేలకు దిగుతుందో ముందే తెలిసినవాళ్ల పని.

మన గోడ దగ్గరికి వద్దాం. పొడవు 6 మీటర్లు, ఎత్తు 4, భద్రతా గుణకాలు కలిపి మీటరుకు 400 కిలోన్యూటన్లు. మధ్యలో మూమెంట్ 1800. పొడవు ఎత్తుకు రెండింతలు లేదు కనుక ఐఎస్ 456 దీన్ని లోతైన బీమ్‌గా చూసి, లీవర్ ఆర్మ్ 2.8 మీటర్లు ఇస్తుంది. అంటే కింద లాగుడు 643 కిలోన్యూటన్లు, సుమారు 65 టన్నులు. షెల్ మోడల్‌లో కోత తీసి, లాగుడు వైపు బలాల్ని మాత్రమే కూడిన సంఖ్యను దీని పక్కన పెట్టి చూడాలి. రెండూ ఎడమొగం పెడమొగంగా ఉంటే తప్పు మోడల్‌లో ఉందో తలలో ఉందో తేలేదాకా రాడ్ల జోలికి పోకూడదు.

కలిశాయనుకుందాం. 500 గ్రేడు ఉక్కుకు 1478 చదరపు మిల్లీమీటర్లు కావాలి. 20 మిల్లీమీటర్ల రాడ్లు ఐదు వేస్తే సరిపోతుంది, ఎవరైనా అదే రాస్తారు. నేను మెచ్చే డిజైనర్ అక్కడ ఆగి పిల్లర్ వైపు చూస్తాడు. లోతైన బీమ్‌లో కింది రాడ్లు మధ్యలో తెగకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా పోవాలి. పిల్లర్ ముఖం దాటాక పూర్తి పట్టు పొడవులో 0.8 వంతు లోపల ఉండాలి. ఎం30 కాంక్రీటులో 20 రాడ్‌కు అది 725 మిల్లీమీటర్లు. పిల్లర్ వెడల్పు 650, కవర్ 40 పోగా మిగిలేది 610. రాడ్ పట్టదు. కొక్కెం వంచవచ్చు గానీ, పిల్లర్ రాడ్లు కిక్కిరిసిన చోట వంపులు దూరిస్తే కాంక్రీటు దిగదు. అందుకే ఐదు ఇరవైలు కొట్టేసి ఎనిమిది పదహార్లు రాస్తాడు. మొత్తం 1608 చదరపు మిల్లీమీటర్లు. కావలసిన పట్టు 580. కింది 700 మిల్లీమీటర్ల ఎత్తులో వరసకు రెండు చొప్పున నాలుగు వరసలు. ఎనిమిదీ వంపు లేకుండా తిన్నగా పోయి పిల్లర్‌లో కూర్చుంటాయి.