ఇంటిపేరు వెతికే చోట్లు: ఎవరి లెక్క ఎంతవరకు సరి?

ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఖాతాలు తెరిచినవాణ్ణి. హోసూరు పక్కపల్లెల నుంచి మన తెలుగోళ్ళు ఎంతోమంది వచ్చేవాళ్ళు. పేరు ముందు ఒక్క అక్షరం, అదీ నాయన పేరుది. ఇంటిపేరు ఏమని నేనెవర్నీ అడగలేదు. రిటైరయినాక ఒకరోజు మనవడి స్కూలు ఫారంలో 'సర్‌నేమ్' అన్నచోట మా వాడు తన పేరే రాసేశాడు. అప్పుడు గుచ్చుకునింది. మా ఇంటిపేరు 'గుడి'. ఇంట్లో అది తెలిసింది నాకూ, మా అక్కకూ మాత్రమే.

అప్పటినుంచి వెతుకుతా ఉండాను. చూసినవాటి మంచీచెడూ చెప్తాను.

ఇంగ్లండులో 1979లో మొదలైన 'గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్' అనే సంఘం ఉంది. ఒక్కో ఇంటిపేరును పట్టుకుని, అది ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడంతా పోగుచేస్తారు. పద్ధతి మంచిదే. కానీ తరతరానికీ ఇంటిపేరు కాగితం మీద నిలిచే చోట నడిచే పద్ధతి అది. మన తమిళనాట తరానికో ఇనిషియల్ మారిపోతుంది కదా!

1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ పుస్తకంలో బోయ, దేవాంగ మొదలైన కులాల కింద ఇంటిపేర్లు వరసగా ఉన్నాయి. మనకు పెద్ద ఆసరా. అయితే పేరు పక్కన ఇచ్చింది మాట అర్థమే, చరిత్ర కాదు. 'గుడి' అంటే దేవాలయమని మాకూ తెలుసు. గుడి కట్టినవాళ్ళా, గుడి పక్కన కాపురమున్నవాళ్ళా అన్నది ఆ అర్థం చెప్పదు.

చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. మెకంజీ సేకరించిన కైఫీయతులు అక్కడున్నాయి. అవి ఊరి చరిత్రలు, ఇంటి చరిత్రలు కావు. ఊరిపేరే ఇంటిపేరైనవాళ్ళకు బాగా పనికొస్తాయి. ఒకే పేరుతో నాలుగూళ్ళు ఉంటాయి గనక, పేరు కలిసిందని అదే మన ఊరు అనేసుకోకూడదు.

నా మట్టుకు ఎక్కువ పనికొచ్చింది ఇంటి ట్రంకుపెట్టె. తాత కాలపు క్రయపత్రం తమిళంలో ఉంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. కాబట్టి అది 'కుడి' అయినా కావచ్చు, 'గుడి' అయినా కావచ్చు. బడి సర్టిఫికెట్ ఇంగ్లీషులో ఉంది. అందులో గ స్పష్టం, కానీ డ, ద లకు తేడా లేదు. 'గుడి' కావచ్చు, 'గుది' కావచ్చు. రెండూ పక్కన పెడితే మిగిలేది 'గుడి' ఒక్కటే. పాస్‌బుక్కూ లెడ్జరూ టాలీ చేసినట్టే. ఒక్క కాగితాన్ని నమ్మి రాసుకున్న వంశవృక్షాల్లో తప్పులు దొర్లేది ఇక్కడే. బాల, పాల తమిళంలో ఒకటైపోతాయి. గాలివాళ్ళు కాలివాళ్ళయిపోతారు.

టాలీ అక్షరాలను తేలుస్తుందే గానీ కథ చెప్పదు. కథ పెద్దవాళ్ళ నోట్లో ఉంది. అందుకే నా మాట: ఆర్కైవ్స్‌కు తర్వాత పోవచ్చు, అవి ఎక్కడికీ పోవు. ముందు మీ అక్కనో అవ్వనో అడగండి. చెప్పింది చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే రాసి పెట్టండి. మా అక్కకు ఎనభై దాటింది. నేను వచ్చే ఆదివారం పోతా ఉండాను.