తెచ్చుట వేరు, చెడకుండ తెచ్చుట వేరు

కర్నూలు, కడప సీమలో రాతికి కొరత లేదు. బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు ఎన్నో ఊళ్ల ఇండ్లకు నేలపరుపులైనవి. అయితే ఇంట పరచే బండ వేరు, శాస్త్రజ్ఞునికి సాక్ష్యం చెప్పే రాయి వేరు. 1872లో విలియం కింగ్ ఇక్కడి శిలాశ్రేణులను వర్ణించి ఒక గ్రంథం ప్రకటించినాడు. కడప శ్రేణి పాతది, దాని మీద పేరుకొన్న కర్నూలు శ్రేణి కొత్తది. ఏ రాయి ఏ చోటిది, ఏ పొరలోది అని గుర్తించడమే ఇట్టి పనికంతటికీ పునాది. చోటు తెలియని రాయి, పరాయి పదార్థం అంటిన రాయి ఎంత అందమైనదైనను, దాని సాక్ష్యం చాలవరకు చెడిపోతుంది.

అంతరిక్షం నుండి శిలలను తెచ్చే పరికరాలను కూడ ఈ గీటురాయి మీదనే పరీక్షించవలెను. రాకెట్టు బలాన్ని అందరూ పొగడుతారు. శిలలుంచే పెట్టె మూతను గూర్చి ఆలోచించేవారు తక్కువ.

మన దేశపు అనుభవం చూతము. 2007 జనవరి 10న శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి7 రాకెట్టు సుమారు 550 కిలోగ్రాముల పేటికను కక్ష్యలోకి చేర్చినది. ఆ పేటిక 12 రోజులు భూమిని చుట్టి, జనవరి 22న బంగాళాఖాతంలో దిగినది. ఉష్ణకవచం, పారాచ్యూట్లు, నీటిపై తేల్చే సాధనం మూడును చక్కగా పనిచేసినవి. ఇది నిజంగా మెచ్చదగిన విజయం.

అంతమాత్రాన చంద్రశిలలు తెచ్చే విద్య పూర్తిగా చేజిక్కినదనుకోవడం తొందరపాటు. దీనికి రెండు కారణాలున్నవి. మొదటిది వేగం. ఆ పేటిక సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలో ప్రవేశించినది. చంద్రుని నుండి వచ్చే పేటిక వేగం సుమారు 11 కిలోమీటర్లు. గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది కావున, 64కు 121 ఎంతో, ఆ శక్తికి ఈ శక్తి అంత. అనగా ఇంచుమించు రెట్టింపు. రెండవది మూత. ఆ పేటికలోని ప్రయోగ పరికరాలను భూమిమీదనే అమర్చి పంపినారు. అది పరాయి నేలపై తెరచుకొని, ధూళి నడుమ మూసుకొనవలసిన అవసరం కలుగలేదు.

ఈ రెండవ చిక్కు ఎంతటిదో అపోలో యాత్రలు చూపినవి. అల్యూమినియం పెట్టెల మూతల మధ్య మెత్తని ఇండియం లోహపు పట్టీ ఉంచి బిగించినారు. చంద్రధూళి అంచులలో చేరగా కొన్ని పెట్టెలలోకి గాలి చొరబడినది. అంతేకాదు, కొన్ని నమూనాలకు ఆ ఇండియమే అంటుకొని, వాటిలో సహజంగా ఎంత ఇండియం ఉన్నదో కొలవడం కష్టమైనది. కాపలాదారే సొమ్ము తాకినట్లయినది.

2004 సెప్టెంబరు 8న సౌరపవన కణాలను తెచ్చిన జెనెసిస్ పేటిక పారాచ్యూట్ విప్పుకొనక యూటా ఎడారిలో కూలినది. వేగం తగ్గుటను పసిగట్టే చిన్న స్విచ్‌లను తలక్రిందులుగా అమర్చడమే కారణం. పగిలిన ముక్కల నుండి కూడ శాస్త్రజ్ఞులు విలువైన ఫలితాలు రాబట్టినారు గాని, శుద్ధి చేయుటకు పడిన శ్రమ ఇంతంత కాదు. 2020 అక్టోబరులో బెన్ను గ్రహశకలాన్ని తాకిన ఓసిరిస్-రెక్స్ నౌకకు మరొక అవస్థ కలిగినది. గులకరాళ్లు అడ్డుపడి నమూనా పాత్ర మూత మూసుకొనక, కొంత పదార్థం బయటికి జారినది. అయినను 2023 సెప్టెంబరు 24న 121.6 గ్రాములు భూమికి చేరినవి. యంత్రాలు పెద్దవి, తప్పులు చిన్నవి. చిన్న తప్పులే పెద్ద పనిని చెరుపుతవి.

2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం చంద్రయాన్-4కు రూ. 2,104.06 కోట్లు మంజూరు చేసినది. చంద్రశిలలను భూమికి తేవడమే దాని లక్ష్యం. ఇందుకు వలసిన విద్యలలో ఒకటైన నౌకల కలయికను మన శాస్త్రజ్ఞులు 2025 జనవరి 16న సాధించినారు. ఇక మూతకు కూడ అంతటి ప్రాధాన్యం ఇవ్వవలెను. శుభ్రమైన గదిలో బిగిసే మూతను మెచ్చుకొనరాదు. ధూళి చల్లి, వేడిలోను చలిలోను మార్చి మార్చి పరీక్షించిన మూతనే నమ్మవలెను. పారాచ్యూట్ విఫలమైనను నమూనా చెడని గట్టి లోపెట్టె ఉండవలెను. ప్రతి రాయి ఎక్కడ, ఎంత లోతున దొరికినదో గుర్తుండవలెను.

ఈ సంగతిని తరగతిలోనే చూపవచ్చును. రబ్బరు వాషరు గల సీసాలో నీరు నింపి మూత బిగించి తలక్రిందులు చేయండి. తరువాత అంచుపై కొద్దిగా ముతక ఇసుక చల్లి మరల బిగించి చూడండి. నీరు ఊరితే, అంతకంటె సులువుగా దూరే గాలి సంగతి విద్యార్థులే చెప్పగలరు. పిదప ఊరి గుట్ట నుండి తలా ఒక రాయి తెచ్చి, చోటు, తేదీ వ్రాసిన చీటీ అంటించమనండి. చీటీ లేని రాయిని పక్కన పెట్టమనండి. శిలాశాస్త్రంలో మొదటి పాఠం అదియే.