లినక్సు డైరెక్టరీల ప్రమాణ పత్రము - ఒక పరిశీలన

లినక్సును ఒక కంప్యూటరులో నెలకొల్పునపుడు ఇన్‌స్టాలరు అను ప్రోగ్రాము కొన్ని ప్రశ్నలు వేసి, డిస్కును భాగములు చేసి, వేలకొలది ఫైళ్ళను వాటి వాటి చోట్ల సర్దిపెట్టును. ఏది ఎచ్చట ఉండవలెనో చెప్పు ప్రమాణ పత్రమొకటి కలదు. దాని మొదటి రూపము 1994 ఫిబ్రవరిలో వెలువడినది. యూనిక్సు జాతి వ్యవస్థలన్నిటిని దృష్టిలో ఉంచుకొని విస్తరించిన పిమ్మట దానికి ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ అని పేరు వచ్చినది. 2015 జూన్‌లో లినక్సు ఫౌండేషను ప్రకటించిన 3.0 కూర్పు ఈ పరిశీలనకు ఆధారము.

పత్రము ప్రారంభము మెచ్చదగినది. ఏ ఫైలును గురించియైనను అది రెండే ప్రశ్నలు వేయును: దీనిని పలు యంత్రములు పంచుకొనవచ్చునా, కూడదా? నిర్వాహకుడు చేయి పెట్టకుండ ఇది మారునా, మారదా? ప్రోగ్రాములుండు ‘యూఎస్ఆర్’ డైరెక్టరీ పంచుకొనదగినది, మారనిది. యంత్రపు అమరికలుండు ‘ఎట్సి’ మారనిదే గాని ఆ ఒక్క యంత్రమునకే చెందినది. వచ్చిన ఉత్తరములు ‘వార్’ క్రింద చేరును. అవి మారుచుండును, పంచుకొనవచ్చును. జంతువులను వెన్నెముక గలవి, లేనివి అని విభజించి చెప్పు పాఠమువలె ఇది విద్యార్థి మనస్సులో వెంటనే నాటుకొనును. బట్టీ పట్టవలసిన పేర్ల పట్టికకు ఒక తర్కము ఏర్పడినది.

చిక్కు ఆ అధ్యాయములోనే మొదలగును. పంచుకొనరాని, మారుచుండు ఫైళ్ళకు ఉదాహరణముగా అచ్చటి పట్టికలో ‘వార్/రన్’ కనిపించును. అదే పత్రములో వార్‌ను వర్ణించు అధ్యాయమునకు పోయినచో, ఆ డైరెక్టరీ చేయు పని ‘రన్’ అను కొత్త డైరెక్టరీకి మారినదనియు, పాత ప్రోగ్రాముల కొరకే అది మిగిలియున్నదనియు వ్రాసియున్నది. ఒక చోట దిద్ది, మరొక చోట మరచిరి. మొదటి అధ్యాయములతో సరిపెట్టుకొను పాఠకులే ఎక్కువమంది గనుక, మరచిన చోటే ఎక్కువ కన్నుల బడును.

ఇంతకంటె పెద్ద లోపము కారణములలో ఉన్నది. మూల విభాగము చిన్నదిగా ఉండవలెనని పత్రము చెప్పుచు, అది చాల చిన్న సాధనములనుండి కూడ నడువవలసి వచ్చునని ఒక హేతువు చూపినది. యంత్రము మేల్కొనుటకు, చెడినపుడు బాగుచేసికొనుటకు కావలసిన ఆదేశములు ‘బిన్’లో ఉండవలెను, తక్కినవి ‘యూఎస్ఆర్/బిన్’లో ఉండవచ్చును. ఈ విభజన వెనుక పాత కథయున్నది. 1970 దశాబ్దారంభమున బెల్ ప్రయోగశాలలలో యూనిక్సు నడచిన పీడీపీ-11 యంత్రమునకు అమర్చిన మార్చుకొను డిస్కులు ఒక్కొక్కటి 2.5 మెగాబైట్లు మాత్రమే పట్టెడివి. మూల డిస్కులో చోటు చాలక ఆదేశములు కొన్ని, ఉపయోక్తల సొంత ఫైళ్ళుండు రెండవ డిస్కులోనికి పొర్లిపోయినవి. యూఎస్ఆర్ అను పేరు ఆ ఉపయోక్తలదే. అనగా చోటు లేక చేసిన సర్దుబాటునకు తరువాతివారు సిద్ధాంతమును సమకూర్చిరి.

ఆ సిద్ధాంతము కొంతకాలము నిజముగనే పనికివచ్చినది. ఇప్పుడు లినక్సు మేల్కొనునపుడు చాల యంత్రములలో మొదట ఒక చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ జ్ఞాపకశక్తిలోనికి వచ్చి, అసలు విభాగములను తానే తెరచును. పూర్వము బిన్‌కు అప్పగించిన కాపలా పని దానికి చేరినది. అందుచేతనే 2012లో ఫెడోరా 17 బిన్‌ను యూఎస్ఆర్/బిన్‌లో కలిపివేసి, పాత చోట దారిచూపు లింకు మాత్రము ఉంచినది. 2019లో డెబియను 10 ఇన్‌స్టాలరు కొత్తగా నెలకొల్పు యంత్రములలో అట్లే చేసినది. బిన్‌లో ఆదేశములుగాని, వాటికి లింకులుగాని ఉండవచ్చునని పత్రము అనుమతించినది గనుక ఇందులో నియమభంగము లేదు. నియమము నిలిచినది, హేతువు జారిపోయినది. పాఠశాలలో అడుగు ప్రశ్న “ఏది ఎచ్చట?” అన్నదానితో ఆగదు, “ఎందుకు?” అని విద్యార్థి అడిగినపుడు ఉపాధ్యాయుడు ఈ పత్రమును నమ్మి చెప్పు సమాధానము అతని యెదుటి యంత్రమునకు వర్తించదు.

వ్రాత యొకటి, వాస్తవ మొకటి అయినచో నష్టము మాటలతో పోదని డెబియను అనుభవము చెప్పుచున్నది. అందులో డీపీకేజీ అను సాధనము ఏ ఫైలు ఏ ప్యాకేజీదో పట్టీ వ్రాసికొనును. ఎల్ఎస్ అను ఆదేశము పట్టీలో బిన్ క్రింద ఉండెడిది. డిస్కుమీద యూఎస్ఆర్/బిన్‌లో ఉండెడిది. రెండవ దారి పేరు చెప్పి ఇది ఎవరిదని అడిగినచో అట్టిది పట్టీలో లేదని సాధనము పలికెడిది. ఇది నవ్వుకొని విడువవచ్చును. కాని ఒక ఫైలు ఒకేమారు ప్యాకేజీని, దారిని కూడ మార్చుకొన్నదనుకొందురు గాక. పాత ప్యాకేజీని సవరించు సందర్భమున సాధనము పాత దారిలోనిదనుకొని చెరిపిన ఫైలు, లింకు మూలమున, అప్పుడే వచ్చిన కొత్త ఫైలే కావచ్చును. 2021లో డెబియను సాంకేతిక సంఘము అట్టి తరలింపులను తాత్కాలికముగా నిలుపవలెనని సలహా ఇచ్చినది ఇందుకే. 2025 ఆగస్టులో విడుదలయిన డెబియను 13 కొరకు జరిగిన పనిలో ప్యాకేజీల పట్టీలను కొత్త దారులకు దిద్దిరి. దిద్దుటకు మనుష్యుల శ్రమ సంవత్సరములు పట్టినది.

ప్రమాణ పత్రము ప్రతి ఇన్‌స్టాలరు వెంట పరుగెత్తవలెనని ఎవరును కోరరు. అది నిదానముగా మారుటే మేలు; ప్రోగ్రాములు వ్రాయువారికి నిలుకడ కావలెను గదా. కాని నియమమును మార్చకయే దాని హేతువునకు కాలమును జోడింపవచ్చును: ఇది ఫలానా యంత్రముల నాటి కారణము, నేడు ఈ పని ఫలానా భాగము చేయుచున్నది అని రెండు వాక్యములు చాలును. డెబియను విధాన గ్రంథము ఈ విషయమున కొంత మేలు. 3.0 కూర్పును అంగీకరించుచునే, తాము ఎచ్చటెచ్చట దానినుండి తొలగుచున్నారో వరుసగా చెప్పుకొన్నది. ప్రమాణముకంటె ఆ మినహాయింపుల పట్టికయే యంత్రమునకు దగ్గరగా ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

పత్రమును తరగతిలో వాడదలచిన ఉపాధ్యాయుడు రెండు ప్రశ్నల విభజనను మొదట చెప్పి, పట్టికలోని వార్/రన్‌ను విద్యార్థులచేతనే కొట్టివేయించవచ్చును. పిమ్మట మూల డైరెక్టరీలో ‘ఎల్ఎస్ -ఎల్’ ఆదేశమిచ్చి చూపవలెను. ఇటీవలి ఫెడోరా, డెబియనులలో బిన్ అను పేరు ప్రక్కన ఒక చిన్న బాణము, దాని కొన యూఎస్ఆర్/బిన్ కనబడును.