థింసా వర్ణనలో మరచిన మనిషి
అరకు ప్రాంతపు థింసా నృత్యాన్ని మన రచనలు చాలావరకు ప్రకృతి శోభలో భాగంగానే వర్ణిస్తున్నాయి. ఇది సగం చూపు. చైత్ర పర్వానికీ పెళ్ళిళ్ళకూ స్త్రీలు వీపుల వెనుక చేతులు కలిపి ఆడే ఈ ఆట ఆదివాసీ శ్రమజీవుల సామూహిక సృష్టి. ఒక ఊరివారు పొరుగూరికి వెళ్ళి ఆడి, విందులో కలిసే ఆచారమూ ఉంది. అంటే ఆహ్వానం ఆ కళ స్వభావంలోనే ఉంది.

అయితే పిలుపు ఉన్నదని హద్దు లేదనుకోరాదు. డబ్బిచ్చిన పర్యాటకుడు అడగకుండా వరుసలో చొరబడినా, భుజంపై చేయి వేసినా, ఆమెను ఆతిథ్యమిచ్చే మనిషిగా కాక అంగడి సరుకుగా చూస్తున్నట్టే. కాదనగల హక్కు ఉన్నప్పుడే ఆమె స్వాగతానికి విలువ. లయను కీర్తించి, ఆడే మనిషి ఇష్టాయిష్టాలను విస్మరించిన రచన ఎంత రమ్యంగా ఉన్నా అభ్యుదయ సాహిత్యం కాజాలదు.