స్కోరు కింది చిన్నక్షరాలు

ర్యాంకులంటే నాకెంత ఒళ్లుమంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎంసెట్ ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ అంతా పాస్‌పోర్టు ఫొటోలే. టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఊపిరి తీసుకోకుండా చదివే గొంతు. ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది గానీ గొంతు మారలేదు, దాని మీద నా గొడవా మారలేదు. ఈ వారం ఆ పిచ్చి మా ఇంట్లో కంప్యూటరుకు కూడా పట్టింది.

మా అక్క కొడుకు తిరుపతిలో ఇంజినీరింగు చదువుతున్నాడు. సెలవులకు చిత్తూరొస్తూ వాడి కంప్యూటరు కూడా మోసుకొచ్చాడు. అర్ధరాత్రి ముందుగదిలో ఒకటే ఫ్యాన్ల రొద. లేచి వెళ్లి చూస్తే ఏసీ పదహారులో పెట్టి, క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి, దానికి ఎదురుగా కూర్చోనుండాడు.

"ఏందిరా, ఇంత రాత్రప్పుడు?"

"స్కోరు మామా. ఇంకొంచెం పెరిగితే మా బ్యాచ్‌లో నేనే ఫస్టు."

తెర మీద ఉన్నది ఇంటెల్ వాళ్ల ఎక్స్‌ట్రీమ్ ట్యూనింగ్ యుటిలిటీ. ఏఎండీ వాళ్లకూ రైజెన్ మాస్టర్ అని ఇలాంటిదే ఉంది. పద్ధతి చూడటానికి సులువే. ప్రాసెసర్‌కు 100 మెగాహెర్ట్జ్ మూల గడియారం ఒకటి ఉంటుంది, దాన్ని యాభైతో హెచ్చిస్తే 5 గిగాహెర్ట్జ్. మౌసుతో ఒక గీతను జరిపితే యాభై కాస్తా యాభై రెండవుతుంది. నిలబడకపోతే వోల్టేజీ గీతను కొంచెం పైకి లాగాలి. తర్వాత అక్కడే ఉన్న బెంచ్‌మార్క్ బటన్ నొక్కితే మిషనును కాసేపు ఊపిరాడకుండా లెక్కలు చేయించి చివర ఒక అంకె చేతిలో పెడుతుంది. ఆ అంకెను లోకానికి చాటుకోవడమే మిగిలిన పని.

కరెంటు ఖర్చు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. అంటే రెండూ పదేసి శాతం పెంచితే ఖర్చు 33 శాతం పైకి పోతుంది. పదికి ముప్పై మూడు! మా ఊళ్లో వారం వడ్డీవాళ్లు కూడా ఇంత మొహమాటం లేకుండా లాగరు. ఆ ఖర్చంతా వేడిగానే బయటికి రావాలి. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను మానుకుని, ఒకే చిప్పులో రెండు బుర్రలు పెట్టే దారి పట్టడానికి ఈ వేడి కూడా ఒక ముఖ్య కారణం.

వాణ్ని గట్టిగా నాలుగు మాటలందామనుకున్నా గానీ ఊడదీసిన ఆ క్యాబినెట్ చూడగానే వేరే తలుపు తెరుచుకుంది. 1999లో మా హైరోడ్డు వెనక సందులో ఒక డీటీపీ సెంటరుండేది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ అక్కడే. నా మొదటి వ్యాసాలు టైపయిందీ అక్కడే. దాన్ని నడిపే అన్న ఏ విడిభాగం కావాలన్నా మద్రాసు బస్సెక్కి రిచీ స్ట్రీట్‌లో దిగేవాడు. ఒకసారి అట్లా పోయి సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్ తెచ్చాడు. 1998 ఆగస్టులో వచ్చిన ఆ చిప్పు, అమ్మడానికి చవక రకమే. మూల గడియారం 66, హెచ్చింపు నాలుగున్నర, వెరసి 300 మెగాహెర్ట్జ్. కానీ దాని 128 కేబీల క్యాష్‌ను చిప్పులోనే పెట్టి పూర్తి వేగంతో నడిపారు. హెచ్చింపును కదిలించడానికి లేదు, గడియారాన్ని మాత్రం 66 నుంచి 100కు తోయొచ్చు. తోస్తే 450. అప్పట్లో దానికి కొన్ని రెట్ల ఖరీదు చేసే పెంటియం 2 వేగం అది.

తోయడానికి అన్న దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ లేదు. ఆ ప్రాసెసర్ క్యాసెట్టంత కార్డు మీద వచ్చేది. కార్డు అంచున బంగారు రంగు కాళ్ల వరస. అందులో బి21 అనే కాలును మూసేస్తే మదర్‌బోర్డు ఇది 100 మెగాహెర్ట్జ్ చిప్పని నమ్ముతుంది. అన్న బ్లేడుతో సెల్లోటేపును సన్నటి పీచులా కోసి, వాళ్లమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఆ ఒక్క కాలు మీద అంటించాడు. పక్క కాలికి తగలకుండా గోటితో సర్ది, కార్డును గాడిలో నొక్కి, స్విచ్ వేసి, దండం పెట్టుకున్నాడు. తెర మీద 450 అని పడింది.

పడితే సరిపోదు, నిలబడాలి. దానికి ఆయన దగ్గర సూపర్ పై అనే జపాను ప్రోగ్రాముండేది. టోక్యో విశ్వవిద్యాలయంలో కనడా యసుమాస 1995లో పై విలువను 400 కోట్ల అంకెలకు పైగా లెక్కగట్టిన ప్రోగ్రామును పీసీకి కుదించింది. పది లక్షల అంకెలు లెక్కించమని చెప్పి ఆయన టీకి పోయేవాడు. ప్రాసెసర్ ఎక్కడైనా తప్పు లెక్క వేస్తే ఆ ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగి, ఫలానా విడతలో లెక్క కుదరలేదని చెప్పేసేది. మొత్తం పూర్తయితే పట్టిన సమయం చూపించేది. ఈ రోజుల్లో వై-క్రంచర్ అనే ప్రోగ్రాము ఇదే పని చేస్తోంది. పై లెక్కకు అది వాడే చుద్‌నోవ్‌స్కీ సూత్రానికి మూలం మన పక్కనున్న కుంభకోణం రామానుజన్ 1914లో అచ్చువేసిన సూత్రాలే.

డిసెంబరులో 450 బ్రహ్మాండంగా నడిచింది. ఏప్రిల్లో, సరిగ్గా ముహూర్తాల సీజనులో, మధ్యాహ్నం రెండు గంటలకు పేజ్‌మేకర్ నీలం తెర వేసి పడుకునేది. పెండ్లికొడుకు తాత పేరు మూడోసారి టైపు చేయాల్సి వచ్చిన రోజు అన్న టేపు పీకేశాడు. ఇక అదే ఆనవాయితీ అయింది. ఎండాకాలం 300, చలికాలం 450.

ఆ అన్న గుర్తుకొచ్చాక కూడా వీణ్ని వదల్లేదు. "ఫ్యాను ఎంత తిరిగినా చిప్పును గది కంటే చల్లబరచలేదు. మేలో తిరుపతి నలభై దాటుతుంది. వంద డిగ్రీలకు మీ ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మనకు మిగిలేది అరవై డిగ్రీల జాగా. ఫిన్లండ్ వాడు కిటికీ తెరిస్తే మంచు, మనం తెరిస్తే వడగాలి. వాడి పక్కన నీ స్కోరు పెట్టి ఏం పీకుతావురా? ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ కూడా దాటించారు 2022లో. వాళ్లతో పోటీనా?"

"అట్ల ఎవురు పెడతారు మామా?" అన్నాడు వాడు. అని హెచ్‌డబ్ల్యూబాట్ అనే స్కోర్ల సైటు తెరిచి చూపించాడు. అక్కడ స్కోరు ఒంటరిగా రాదు. ఏ చిప్పు, ఏ మదర్‌బోర్డు, ఎంత మెమరీ, చల్లబరిచింది గాలితోనా, నీళ్లతోనా, ద్రవ నత్రజనితోనా, అన్నీ రాయాలి. చిప్పు వివరాలు చూపే సీపీయూ-జీ ప్రోగ్రాము కిటికీలు కనబడేట్టు తెర ఫొటో పెట్టాలి. ప్రతి చిప్పుకూ దాని పట్టిక దానికుంది, నత్రజని పోసేవాళ్ల లీగ్ వేరు. మా అన్న సెలెరాన్ 300ఏకు కూడా ఒక పట్టిక ఉంది. ఇప్పటికీ దాన్ని అటక మీంచి దించి తోసేవాళ్లున్నారు.

మోసం లేదా అంటే ఉంది. 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4 కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లను పేరుతో గుర్తుపట్టి, మామూలుగా ఇవ్వని వేగాన్ని వాటికి మాత్రమే ఇస్తోందని బయటపడింది. అదే ఏడాది ఆగస్టులో ఇంకో తమాషా. విండోస్ 8లో మూల గడియారాన్ని నడుమ మారిస్తే లోపలి టైమే తప్పుతోందని తేలింది. వాచీ నెమ్మదిస్తే పరుగెత్తినవాడు వేగంగా వచ్చినట్టే కనబడతాడు. హెచ్‌డబ్ల్యూబాట్ వాళ్లు విండోస్ 8 స్కోర్లు తీసుకోవడం మానేశారు. స్కోరు కంటే ముందు వాచీని అనుమానించారు, అది నాకు నచ్చింది.

ఈ కుర్రాళ్లు అంకెకు పక్కన ఇంత రాస్తున్నారు, పిల్లల జీవితాలు తూచే మనం ఏం రాస్తున్నాం? ఫొటో, ర్యాంకు, కాలేజీ పేరు. ఆ కాలేజీలో మొత్తం ఎంతమంది రాశారు, ఆ పిల్ల ఎన్నో ఏడు లాంగ్‌టర్మ్, ఏ భాషలో చదివి వచ్చింది, రాత్రి ఎన్నింటిదాకా కూర్చోబెట్టారు, మిగతావాళ్లకు ఎంతొచ్చింది, ఒక్కటీ ఉండదు. వోల్టేజీ దాచి వేగం మాత్రం అచ్చువేస్తారు.

ర్యాంకులే వద్దని ఇన్నాళ్లూ గొంతు చించుకున్నా. ఇకమీద వేయమంటా, కాకపోతే కింద చిన్నక్షరాలతో సహా వేయమంటా. పాకాల పక్క పల్లెలో జిల్లా పరిషత్తు బడిలో చదివి, కరెంటు పోయే గదిలో కూర్చుని ఒక పిల్ల తెచ్చుకున్న పదివేల ర్యాంకును దాని సొంత పట్టికలో పెట్టి చూస్తే, మొదటి పేజీ ఫొటోలు చాలా వాటికి చోటు దొరకదు.