పోలిక చూపిన పాట, పోలిక దాచిన కాలం

ఐర్లండు బృందం 'క్రాన్‌బెర్రీస్'ను ఇష్టంగా వినేవారికి ఫోనులోని పాటల యాప్ "ఇలాంటివే మరికొన్ని" అంటూ ఒక వరుస అందిస్తుంది. ఆ వరుస పట్టుకుపోతే కొరియా రాక్ బృందం 'జౌరిమ్' దాకా చేరవచ్చు. రెంటిలోనూ ముందు నిలబడి పాడేది స్త్రీయే. అక్కడ డొలోరెస్ ఓ రియోర్డన్, ఇక్కడ కిమ్ యునా. యంత్రానికి ఈ పోలిక సరిపోవచ్చు. విమర్శకు సరిపోదు.

స్త్రీ గొంతు అనేది ఒక సంగీత ప్రక్రియ కాదు. 1993లో ఇంగ్లండులోని వారింగ్టన్‌లో బాంబులు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఓ రియోర్డన్ 'జాంబీ' (1994) ఆ దుఃఖంలోంచి, ఆగ్రహంలోంచి పుట్టింది. జౌరిమ్ 1997 నాటి 'ఇల్తాల్' పుట్టింది విసుగులోంచి. ఈ రెంటినీ ఒకే గంపలో వేస్తే మిగిలేది పాడినవారి లింగం మాత్రమే. (మోటూరు ఉదయం మహిళా బుర్రకథ దళాన్ని నాజర్ పేరు పక్కన ఒక్క వాక్యంలో దాటేసే మనకు యంత్రాన్ని తప్పుపట్టే హక్కు ఎంతుందో చెప్పలేను.)

'ఇల్తాల్' వస్తువు చిన్నది. రోజూ ఒకేలా దొర్లే బతుకుతో విసిగిన మనిషి, జనం మధ్య కట్టుబాట్లన్నీ తెంచుకొని వెర్రిగా గంతులేసినట్టు ఊహించుకోవడం. ఊహ ఊహగానే ఉండిపోతుంది. ఇది మధ్యతరగతి వ్యక్తివాదమని మనలో కొందరు కొట్టిపారేస్తారు. ఆ మాటలో కొంత నిజముంది కూడా. అయితే ఆ విసుగు ఏ కాలానిదో అడగకుండా తీర్పు చెప్పడం తొందరపాటు.

దానికి పెనుకొండ దగ్గరి ఎర్రమంచి దాకా రావాలి. ఏటా మూడు లక్షల కార్లు తయారుచేయగల కియా కర్మాగారంలో ఇక్కడ 2019లో ఉత్పత్తి మొదలైంది. అదే కియా 1997 జూలైలో అప్పుల కింద కుప్పకూలింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి పోయింది. 1997 చివర కొరియా ప్రభుత్వం ఐఎంఎఫ్ ముందు చేయి చాచింది. 1998 ఫిబ్రవరిలో కార్మికులను తొలగించడాన్ని సులభం చేస్తూ చట్టం మార్చింది. జౌరిమ్ గొంతు విప్పింది 1997లోనే. 'ఇల్తాల్' సంక్షోభాన్ని గురించిన పాట కాదు. కానీ ఏ దినచర్య చూసి ఆమె ఆవులించిందో, ఆ దినచర్యే కొద్ది నెలల్లో లక్షలమందికి అందని భాగ్యమైంది. క్రాన్‌బెర్రీస్‌తో పోలిక ఈ సంగతి చెప్పదు, ఎర్రమంచి చెబుతుంది. షిఫ్టు దిగి బస్సెక్కే ధర్మవరం, హిందూపురం కుర్రవాడికి ఐర్లండు కంటే ఈ పాట దగ్గరిది.

జౌరిమ్ 2013లో 'ఇరవై ఐదు, ఇరవై ఒకటి' అనే పాట చేసింది, చేజారిన యౌవనాన్ని తలచుకుంటూ. అదే పేరుతో 2022లో వచ్చిన కొరియా టీవీ ధారావాహికలో నాయకుడు, ఐఎంఎఫ్ సంక్షోభంలో ఇల్లు చితికిపోయిన యువకుడు.